రాడ్ హీటర్‌కి 190 వోల్టులు, 5.4 ఆంపియర్లు వస్తే లోపం ఎక్కడ?

మీరు అడిగింది ఇదీ: 1500 వాట్ల రాడ్ పెడితే నీళ్లు త్వరగా కాగడం లేదు. రాడ్ ఆన్‌లో ఉన్నప్పుడు సాకెట్ దగ్గర 190 వోల్టులు, క్లాంప్ మీటర్‌లో 5.4 ఆంపియర్లు చూపిస్తోంది. రాడ్ ఆపేస్తే వోల్టేజ్ 204కి పెరుగుతోంది. దాని రెసిస్టెన్స్, పవర్ ఎలా లెక్కకట్టాలి, రాడ్ పాడైందా?

రాడ్ బాగానే ఉందండి. వోల్టేజ్‌ని కరెంట్‌తో భాగిస్తే రెసిస్టెన్స్: 190 ÷ 5.4 = 35.2 ఓమ్‌లు. రెండింటినీ గుణిస్తే పవర్: 190 × 5.4 = 1026 వాట్లు. ఇప్పుడు రాడ్ మీద రాసి ఉన్న లెక్క చూడండి. 230 వోల్టుల దగ్గర 1500 వాట్లంటే 230 × 230 ÷ 1500, అంటే 35.3 ఓమ్‌లు ఉండాలి. మీకు వచ్చిందీ అంతే. ఎలిమెంట్‌లో ఏ తేడా లేదు, దానికి అందాల్సిన వోల్టేజే అందడం లేదు.

వోల్టేజ్ తగ్గింది 17 శాతమేగా అనిపిస్తుంది. కానీ పవర్ వోల్టేజ్ వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి దాదాపు 32 శాతం పోయింది. 20 లీటర్ల బకెట్‌లో నీళ్లు 20 డిగ్రీలు వేడెక్కడానికి 1500 వాట్లతో 19 నిమిషాల లోపే సరిపోతుంది, 1026 వాట్లతో 27 నిమిషాలు పడుతుంది. బకెట్ నుంచి బయటికి పోయే వేడి దీనికి అదనం.

ఇంతవరకూ పదో తరగతి పాఠమే. ఇళ్ల వైరింగ్ పని చేసేవాడిగా నాకు పని చెప్పేది మాత్రం మీరు రాసిన ఆ 204. రాడ్ వేయగానే 14 వోల్టులు ఎక్కడో పడిపోయాయి. అదే సూత్రం వాటికీ వేయండి: 14 ÷ 5.4 = 2.6 ఓమ్‌లు. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మీ సాకెట్ దాకా ఉన్న దారి రెసిస్టెన్స్ ఇది. దారిలో వృథా అయ్యే పవర్ 14 × 5.4, అంటే 75 వాట్ల పైనే. ఏ రెండు చోట్ల మధ్య వోల్టేజ్ కొలిచారో, ఆ మధ్య ఉన్న భాగం రెసిస్టెన్సే మీకు వస్తుంది. చాలామంది ఇది పట్టించుకోకుండా సూత్రం బట్టీపడతారు.

2.6 ఓమ్‌లు కొంచెం ఎక్కువే. స్తంభం నుంచి 50 మీటర్ల దూరంలో ఇల్లు ఉండి, 2.5 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం సర్వీస్ వైరు లాగారనుకుందాం. రానూపోనూ 100 మీటర్లకు సుమారు 1.2 ఓమ్‌లు. ఇంట్లో 1 చదరపు మిల్లీమీటరు రాగి వైరు 15 మీటర్లు నడిస్తే రానూపోనూ ఇంకో అర ఓమ్. మిగతాది వీధి లైనుదో, లూజు కనెక్షన్లదో తేల్చుకోవాలి. మీటర్ దగ్గర కూడా రాడ్ వేసి ఒకసారి, ఆపి ఒకసారి వోల్టేజ్ చూడండి. అక్కడే 12, 13 వోల్టులు పడుతుంటే తప్పు సర్వీస్ వైరుదో లైనుదో. అక్కడ తక్కువ పడి సాకెట్ దగ్గర 14 పడితే మీ ఇంటి వైరింగ్‌ది. (కరెంటున్న టెర్మినళ్ల మీద కొలవడం అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్‌తో చేయించండి.)

లూజు కనెక్షన్‌ని తేలిగ్గా తీసుకోవద్దు. ఒకరి ఇంట్లో గీజర్ ప్లగ్ నల్లబడుతోందని ప్లగ్గులు మారుస్తూనే ఉన్నారు. వైరులో పడే వోల్టులు లెక్కలోంచి తీసేశాక కూడా సాకెట్ దగ్గర 3 వోల్టులు మాయమవుతున్నాయి, కరెంట్ 8.5 ఆంపియర్లు. అంటే సాకెట్ వెనక ఒక్క స్క్రూ కింద 25 వాట్ల వేడి! రేడియో మెకానిక్ వాడే సోల్డరింగ్ ఐరన్ అంతే ఉంటుంది. కాలిన వైరు కొస కత్తిరించి, కొత్త సాకెట్ వేసి బిగించాక ప్లగ్ చల్లగా ఉంది. మీ రాడ్ కూడా పూర్తి వోల్టేజ్‌లో 6.5 ఆంపియర్లు లాగుతుంది, 6 ఆంపియర్ల చిన్న సాకెట్‌లో పెట్టకండి.

కొలిచేటప్పుడు క్లాంప్‌లో ఒక్క వైరే ఉండాలి. ఫేజ్, న్యూట్రల్ రెండూ కలిపి పట్టుకుంటే సున్నా చూపిస్తుంది. మల్టీమీటర్‌తో ఓమ్‌లు చూడాలంటే ప్లగ్ పీకేశాకే. రాడ్‌కి అప్పుడూ 35 దరిదాపుల్లోనే వస్తుంది, ఎందుకంటే నైక్రోమ్ తీగ వేడెక్కినా దాని రెసిస్టెన్స్ పెద్దగా మారదు. పాత ఫిలమెంట్ బల్బుతో పోల్చి గాబరా పడకండి. 100 వాట్ల బల్బుకి లెక్క ప్రకారం 529 ఓమ్‌లు రావాలి, చల్లగా ఉన్నప్పుడు మీటర్ 40 దగ్గర చూపిస్తుంది. రెండూ నిజమే, వెలిగాక టంగ్‌స్టన్ రెసిస్టెన్స్ అంత పెరుగుతుంది.

మీటర్ల మీద నమ్మకం కుదరకపోతే ఇంట్లో మిగతావన్నీ ఆపేసి, కరెంటు మీటర్ ఎర్రలైటు ఎన్నిసార్లు కొట్టుకుంటుందో లెక్కపెట్టండి. దాని మీద యూనిట్‌కి 3200 ఇంపల్స్‌లని రాసి ఉంటే 1026 వాట్లకు నిమిషానికి 55 సార్లు రావాలి.

మోటారుకి మాత్రం ఈ లెక్కలు వేయకండి. అక్కడ వోల్టేజ్, కరెంట్ గుణిస్తే వచ్చేది వాట్లు కాదు, దాన్ని పవర్ ఫ్యాక్టర్‌తో (మోటారుకి 1 కన్నా తక్కువ ఉండే అంకె) కూడా గుణించాలి. పైగా లోడ్ మీద నడిచే మోటారు తీరు రాడ్‌కి పూర్తిగా వ్యతిరేకం: వోల్టేజ్ తగ్గితే ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది. లో వోల్టేజ్‌లో వైండింగ్‌లు కాలేది అందుకే. మీకు బోరు మోటారు కూడా ఉంటే 190 చూపించే వేళల్లో దాన్ని వేయకండి, స్టార్టర్‌లో ఓవర్‌లోడ్ రిలే (కరెంట్ హద్దు దాటితే మోటారును ఆపేసేది) మోటారు నేమ్‌ప్లేట్ మీద ఉన్న ఆంపియర్లకే సెట్ అయి ఉందో లేదో చూసుకోండి.