గత మూడు నెలలు అంటే ఏ మూడు నెలలు?

ప్రశ్న: బీకాం పూర్తిచేసి, అమీర్‌పేటలో పవర్ బీఐ (డేటాను చార్టులు, రిపోర్టులుగా చూపే సాఫ్ట్‌వేర్) నేర్చుకున్నాను. ఇంటర్వ్యూలో ‘గత మూడు నెలల అమ్మకాలు మాత్రమే చూపించు’ అన్నారు. స్లైసర్ (రిపోర్ట్ మీద కనిపించే ఫిల్టర్) పెట్టాను. ‘ఇవి ఏ మూడు నెలలు?’ అని అడిగితే తెల్లమొహం వేశాను. ఇలాంటిదే మరో సాఫ్ట్‌వేర్ టాబ్లో, ఆ కోర్సు కూడా చేయాలా?
- ఒక విద్యార్థిని, వరంగల్

జవాబు: ఇప్పుడే వద్దు. మీరు తడబడింది సాఫ్ట్‌వేర్ రాక కాదు. టాబ్లోలో అడిగినా అక్కడే ఆగిపోయేవారు.

ఈరోజు జూన్ 15 అనుకోండి. పవర్ బీఐలో రిలేటివ్ డేట్ స్లైసర్ (ఈరోజును బట్టి తేదీలు లెక్కేసేది) తీసుకుని ‘లాస్ట్ 3 మంత్స్’ పెడితే మార్చి 16 నుంచి జూన్ 15 వరకు వస్తుంది. అదే జాబితాలో పక్కనే ఉన్న ‘మంత్స్ (క్యాలెండర్)’ ఎంచుకుంటే మార్చి 1 నుంచి మే 31 వరకు వస్తుంది. రెండు మొత్తాలూ వేరు. ఇక కంపెనీ అకౌంట్స్ మేనేజర్ మనసులో ఉన్నది ముగిసిన క్వార్టర్ కావచ్చు, అంటే జనవరి నుంచి మార్చి. మన లెక్కలో అది నాలుగో త్రైమాసికం. ‘వీటిలో మీకు ఏది కావాలి సార్?’ అని మీరు ఎదురు అడగాలన్నదే బహుశా వాళ్ల ఉద్దేశం.

మీ బీకాం పనికొచ్చేది ఇక్కడే. ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలవుతుందని మీకు ఎవరూ చెప్పనక్కర్లేదు, సాఫ్ట్‌వేర్‌కు మాత్రం చెప్పాలి. సంవత్సరం మొదటి నుంచి ఇప్పటిదాకా మొత్తం కూడే టోటల్‌వైటీడీ ఫంక్షన్‌లో సంవత్సరం మార్చి 31న ముగుస్తుందని రాయకపోతే అది జనవరి 1 నుంచే కూడుతుంది.

హైదరాబాద్‌లో అమెరికా క్లయింట్ల పని ఎక్కువ కాబట్టి ఇంకొకటి. 03/04 అంటే మనకు ఏప్రిల్ 3, వాళ్లకు మార్చి 4. వాళ్ల ఫైలును మన సెట్టింగ్‌తో తెరిస్తే 03/25 లాంటివి ఎర్రర్ ఇస్తాయి, దొరికిపోతాయి. తేదీ 12 లోపు ఉన్నవే ప్రమాదం, చప్పుడు లేకుండా వేరే నెలలోకి వెళ్లి కూర్చుంటాయి. ఫిల్టర్ పెట్టేముందు పవర్ క్వెరీలో (పవర్ బీఐలో డేటాను శుభ్రం చేసే భాగం) ‘యూజింగ్ లొకేల్’తో, అంటే తేదీలు ఏ దేశం పద్ధతిలో ఉన్నాయో చెప్పి, సరిచేసుకోండి. రిలేటివ్ డేట్ స్లైసర్‌లో ‘ఈరోజు’ కూడా యూటీసీ (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) ప్రకారమే, మనకన్నా ఐదున్నర గంటలు వెనక. తెల్లవారుజామున 4 గంటలకు రిపోర్ట్ తెరిస్తే దానికి ఇంకా నిన్నే! నైట్ షిఫ్ట్‌లో ఇది తెలియక టెన్షన్ పడేవాళ్లు ఉంటారు.

ప్రాక్టీస్‌కు మీ బ్యాంక్ స్టేట్‌మెంటే చాలు. ఏడాదిది ఎక్సెల్‌లో దించుకోండి. తేదీలు టెక్స్ట్‌గా వచ్చినా మంచిదే, సరిచేయడం కూడా నేర్చుకుంటారు. పైన చెప్పిన మూడు రకాల ఫిల్టర్లూ పెట్టి, ప్రతి మొత్తాన్నీ ఎక్సెల్‌లో విడిగా కూడి సరిచూడండి. పోర్ట్‌ఫోలియోలో మాత్రం అది పెట్టకండి, మీ ఖర్చులు అందరికీ ఎందుకు? దానికి తెలంగాణ ప్రభుత్వ ఓపెన్ డేటా పోర్టల్ ఉంది.

మీరు దరఖాస్తు చేస్తున్న ఉద్యోగాల్లో టాబ్లో అడుగుతుంటే, కోర్సు ఫీజు కట్టేముందు ఉచితంగా దొరికే టాబ్లో పబ్లిక్‌లో ఇవే ఫిల్టర్లు పెట్టి చూడండి. రిలేటివ్ డేట్ అక్కడా ఉంది. ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ అని చెప్పడానికి తేదీ ఫీల్డ్ మీద రైట్ క్లిక్ చేసి, డిఫాల్ట్ ప్రాపర్టీస్‌లోకి వెళ్లాలి.