బాగుందని నోరు తెరిచి చెప్పండి

ప్రశ్న: నా వయసు 43. కూర్మన్నపాలెంలో ఉంటాం. పరవాడలోని ఒక మందుల కంపెనీ క్వాలిటీ ల్యాబ్‌లో 11 ఏళ్లుగా పనిచేస్తున్నాను. ఆడిట్ వచ్చిందంటే రాత్రీపగలూ కూర్చునేది నేను, పేరు వచ్చేది ఇంకొకరికి. ఈసారి ఇంక్రిమెంట్ కూడా నామమాత్రమే. ఆ చిరాకంతా ఇంట్లో చూపిస్తున్నానని నా భార్య బాధ. ‘తెల్లారకుండా లేచి క్యారేజీ కడుతుంటే బాగుందని ఏనాడైనా అన్నారా?’ అని మొన్న ఏడ్చేసింది. ఒక స్నేహితుడు చెబితే రోజూ కృతజ్ఞతలు రాసుకునే డైరీ మొదలుపెట్టాను. నన్ను నేను మోసం చేసుకుంటున్నట్టు అనిపించి వారానికే మానేశాను. అయినా నాకు దక్కని మెచ్చుకోలు నేనెందుకు పంచాలి?

జవాబు: మీకు ఆఫీసులో దక్కలేదు, నిజమే. అది చిన్న విషయం కాదు, మీ బాధ చిన్నపిల్లల అలకా కాదు. ఆడమ్ గ్రాంట్, ఫ్రాన్సెస్కా జినో అనే పరిశోధకులు 2010లో ప్రచురించిన ఒక ప్రయోగం ఉంది. ఒక విశ్వవిద్యాలయానికి ఫోన్లు చేసి విరాళాలు సేకరించే ఉద్యోగుల్లో కొందరి దగ్గరికి డైరెక్టర్ స్వయంగా వచ్చి, మీ కష్టానికి కృతజ్ఞతలు అని చెప్పి వెళ్లారు. ఆ తర్వాతి వారం వాళ్లు చేసిన ఫోన్లు 50 శాతానికి పైగా పెరిగాయి. జీతం పెరగలేదు, మాట మాత్రమే అందింది. తన పనిని ఒకరు చూశారన్న నమ్మకం మనిషికి అంత అవసరం.

ఆ అవసరమే మీ ఇంట్లో ఆవిడకీ ఉంది. మీరు కంపెనీ బస్సు అందుకోవాలంటే మీకంటే ముందు లేచేది ఆవిడే కదా. రేపు మధ్యాహ్నం క్యారేజీ విప్పినప్పుడు ఒక్క నిమిషం చూడండి. అన్నం చల్లార్చి మూత పెట్టి ఉంటారు, లేకపోతే మన వైజాగ్ ఉక్కకు మధ్యాహ్నానికి పాడైపోతుంది. మాగాయ నూనె అన్నంలోకి కారకుండా వేరే చిన్న డబ్బాలో పెట్టి ఉంటారు. ఇవన్నీ ఎవరో చెబితే చేసినవి కావు. మన ఇళ్లలో కూరలో ఉప్పు తగ్గితే వెంటనే చెప్తాం, అన్నీ సరిపోతే మాట్లాడకుండా తినేస్తాం. ఆ మౌనమే మెచ్చుకోలని మగవాళ్లు అనుకుంటారు. వండినవాళ్లకు మాత్రం అది పట్టించుకోకపోవడంలాగే ఉంటుంది. ఎన్నో ఏళ్లుగా దంపతులతో మాట్లాడుతున్నాను, పెద్ద గొడవల వెనక ఇలా చెప్పకుండా మిగిలిపోయిన మాటలే చాలాసార్లు కనిపిస్తాయి.

కాబట్టి ఇవాళే చెప్పండి. ‘థాంక్స్’ అని పొడిగా కాకుండా, మీరు చూసింది చెప్పండి: ‘నిన్న రాత్రి నీకు ఒంట్లో బాగోలేదు, అయినా పొద్దున్నే లేచి వంకాయ కూర చేసి పెట్టావు. క్యాంటీన్‌లో తినే పని తప్పింది.’ మొదట్లో ఆవిడ అనుమానంగా చూడొచ్చు, ‘ఏంటి, ఏమైనా పని పడిందా?’ అనొచ్చు. ఇబ్బంది పడకుండా ఇంకో రోజు మళ్లీ చెప్పండి. ఇంట్లో చూపించిన చిరాకుకు క్షమాపణ కూడా బాకీ ఉంది, దాన్ని ఈ మెచ్చుకోలులో కలిపేయకుండా విడిగా అడగండి.

డైరీ సంగతి. రాబర్ట్ ఎమ్మన్స్, మైఖేల్ మెకల్లో 2003లో ప్రచురించిన అధ్యయనంలో వారానికోసారి ఐదు వరకు మంచి విషయాలు రాసుకున్నవాళ్లు, చిరాకులు రాసుకున్నవాళ్ల కంటే తమ జీవితం మీద ఎక్కువ తృప్తిగా ఉన్నారు. సోన్యా ల్యుబోమిర్‌స్కీ అనే మరో పరిశోధకురాలి బృందం చూసినప్పుడు వారానికోసారి రాసినవాళ్లకు మేలు కనిపించింది, వారానికి మూడుసార్లు రాసినవాళ్లకు కనిపించలేదు. రోజూ రాస్తే అది హోంవర్క్ అయిపోతుంది. మీరు ఆదివారం సాయంత్రం రాయండి చాలు. ‘ఆరోగ్యం, ఉద్యోగం, పిల్లలు’ అని రాస్తే మీకే నమ్మకం కుదరదు. ఎవరు, ఏం చేశారు, దానివల్ల మీకు ఏ కష్టం తప్పింది అన్నది రాయండి. ల్యాబ్‌లో గాజుసామాను కడిగి పెట్టే కుర్రాడు, మీ బదులు షిఫ్ట్ మార్చుకున్న జూనియర్ అందులోకి వస్తారు. వాళ్లకూ ఆ మాట చేరవేయండి.

కంపెనీలో జరిగిన అన్యాయాన్ని మాత్రం ఈ డైరీ కింద కప్పిపెట్టొద్దు. ఉన్నదానికి సంతోషించమని చెప్పి మనిషి నోరు మూయించడం నాకు అస్సలు నచ్చదు. ఏ ఆడిట్‌లో ఏ పని మీరు చేశారో తేదీలతో ఒక కాగితం మీద పెట్టి, మేనేజర్‌ను విడిగా టైమ్ అడిగి కూర్చోండి. ఎవరి పేరూ ఎత్తకుండా మీ పని గురించే మాట్లాడండి.

నిద్ర పట్టకపోవడం, ప్రతిదానికీ కోపం రావడం వారాల తరబడి సాగుతుంటే ఒక్కరే మోయొద్దు. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్‌లో తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల కూడా ఉంది.

మేనేజర్‌తో మాట్లాడాక కూడా ఏమీ కదలకపోతే పరవాడలోనూ అచ్యుతాపురంలోనూ వేరే కంపెనీల్లో వాకబు చేయండి. జీతం, షిఫ్టులు, పిల్లల ఫీజులు అన్నీ ముందు పెట్టుకుని ఆవిడతో కలిసే నిర్ణయం తీసుకోండి.