మంట తగ్గలేదంటే పరీక్ష చేసి చూడు

చిట్టితల్లికి, పెద్దమ్మ ఆశీస్సులు.

పలాసలో జీడిపిక్కలు వలిచే ఆ ఇల్లాలు మూత్రంలో మంటంటూ మళ్లీ వచ్చిందనీ, ఈసారి ఏ యాంటీబయాటిక్ రాయాలనీ అడిగావు. మందు సంగతి తర్వాత, మూత్రమార్గంలో రాయి ఇరుక్కుందేమో ముందు చూడాలి. ఆమెను బల్ల మీద పడుకోబెట్టి చూశావా? ఓపీలో జనం ఉన్నారనీ, ఆమె సిగ్గుపడుతోందనీ చీటీ రాసి పంపేయడం మన ఆసుపత్రులకు పట్టిన జబ్బు. తెర వేయించు, నర్సును పక్కన ఉంచుకో, ఏం చేయబోతున్నావో చెప్పి ఒప్పించు.

యోని ముందు గోడ వెంట వేలితో నెమ్మదిగా తడుము. మూత్రమార్గం దాన్ని ఆనుకునే ఉంటుంది. చింతపిక్కలా గట్టిగా ఏదైనా తగిలినా, నొక్కినప్పుడు మూత్రద్వారం నుంచి చీము వచ్చినా అనుమానించు. ఒంటికి వెళ్లి లేచాక కూడా చుక్కలు పడుతున్నాయా, కలయికలో నొప్పి ఉందా అని అడుగు. భర్తను బయట కూర్చోబెట్టాకే అడుగు, లేకపోతే నిజం రాదు.

ఆడవాళ్లకు మూత్రమార్గం సుమారు 4 సెంటీమీటర్లే, అదీ తిన్నగా ఉంటుంది. మూత్రాశయం నుంచి దిగిన రాయి మామూలుగా బయటికి పోతుంది. ఆగిందంటే ఎందుకు ఆగిందో వెతకాలి. దారి సన్నబడి ఉండవచ్చు, పాత ఆపరేషన్‌లో పెట్టిన మెష్ అనే వల ముక్క ఉండవచ్చు. ముఖ్యంగా అనుమానించాల్సింది దారి పక్కన ఉబ్బిన డైవర్టిక్యులమ్ అనే తిత్తిని. అందులో మూత్రం నిలిచి, ఇన్ఫెక్షన్ తోడై, రాయి అక్కడే తయారు కావచ్చు.

స్కాన్ బాగుందని ధీమా పడకు. పొట్ట మీద చేసే స్కాన్‌లో ఈ కింది భాగం తప్పిపోవచ్చు. ఎక్స్‌రే తీయిస్తే పొత్తికడుపు అడుగున ఉండే జఘనాస్థి కింది దాకా ఫిల్ములో రావాలని టెక్నీషియన్‌కు చెప్పు. యూరిక్ యాసిడ్ రాయి అందులోనూ కనబడదు. తిత్తిని చూపించడానికి ఎమ్మారై మేలు. ఒక్కటి మాత్రం మరవకు: అది ఉద్దానం. కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇంకా పూర్తిగా తేలని నేల. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చూడకుండా రంగుమందు ఎక్కించే కాంట్రాస్ట్ స్కాన్‌కు పంపకు, నొప్పి అనగానే కిడ్నీలకు చేటు చేయగల డైక్లోఫెనాక్ సూది వేయకు.

ద్వారం దగ్గరే కనిపించే చిన్న రాయిని తిమ్మిరెక్కించే లిగ్నోకెయిన్ జెల్లీ పెట్టి, కాసేపాగి ఫోర్సెప్స్‌తో తీయవచ్చు. కదలకపోతే వదిలేయి. లాగితే దారి చీలి, తర్వాత సన్నబడుతుంది. మూత్రం పూర్తిగా ఆగిపోయినా కింది నుంచి మూత్రం గొట్టాన్ని బలవంతంగా తోయకు, పొత్తికడుపు మీదుగా గొట్టం వేయగల పెద్దాసుపత్రికి వెంటనే పంపు. పైనున్న రాయిని అక్కడ సిస్టోస్కోపుతో, అంటే లోపల చూసే సన్నని గొట్టంతో, మూత్రాశయంలోకి నెట్టి లేజరుతో పగలగొడతారు. తిత్తిలో రాయి అయితే రాయి ఒక్కటే తీసి ఊరుకుంటే మళ్లీ వస్తుంది. తిత్తిని కూడా యోని వైపు నుంచి కోసి తీసి, పొరలుపొరలుగా కుడతారు. ఆపరేషన్ తర్వాత మూత్రం గొట్టం దాదాపు రెండు వారాలు ఉండాలి. ఆ కండను బయాప్సీకి, రాయిని పరీక్షకు పంపాలి.

యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందే మూత్రాన్ని, ఏ క్రిమో తేల్చే కల్చర్ పరీక్షకు ఇవ్వు. నీ వేలికి ఏం తగిలిందో, ఎక్కడ తగిలిందో రిఫరల్ చీటీలో వివరంగా రాయి. లేకపోతే అక్కడ మళ్లీ మొదటి నుంచీ తిప్పుతారు, ఆమెకు కూలి పోతుంది.

పెద్దమ్మ