48 అంకెల కీ అడిగిందని ఫార్మాట్ చేయించకు

తమ్ముడూ, తిరుపతిలో నువ్వు చూపించిన షాపువాళ్లు ఏమన్నా సరే, ఫార్మాట్ మాత్రం చేయించకు. విండోస్ 11 పక్కన ఉబుంటు (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) ఎక్కించాక, విండోస్ తెరిస్తే నీలం తెర మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతోందని రాశావు. నీ ప్రాజెక్టు ఫైళ్లు ఎక్కడికీ పోలేదు, తాళం పడిందంతే.

ఆ తాళం బిట్‌లాకర్, అంటే డిస్క్‌లోని ఫైళ్లు వేరేవాళ్లు చదవకుండా కాపాడే విండోస్ సదుపాయం. దాని తాళంచెవిని లాప్‌టాప్‌లోని టీపీఎం అనే భద్రతా చిప్ కాపాడుతుంది. లాప్‌టాప్ ఆన్ అయ్యే తీరు ఎప్పటిలా ఉంటేనే చిప్ దాన్ని ఇస్తుంది. ఇప్పుడు మధ్యలో విండోసా ఉబుంటునా అని అడిగే గ్రబ్ మెనూ వచ్చింది, పైగా నువ్వు సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌తోనే లాప్‌టాప్ ఆన్ అయ్యేలా చూసే సెట్టింగ్) ఆపేశానన్నావు. అందుకే అడుగుతోంది.

ముందు బయోస్‌లో, అంటే విండోస్ కన్నా ముందు తెరుచుకునే లాప్‌టాప్ సెట్టింగ్స్‌లో, సెక్యూర్ బూట్ మళ్లీ ఆన్ చెయ్. ఉబుంటు దాంతోనూ పనిచేస్తుంది. తర్వాత గ్రబ్ నుంచి కాకుండా, బూట్ మెనూలో నేరుగా విండోస్ బూట్ మేనేజర్ ఎంచుకో. చాలాసార్లు ఇక్కడితోనే తెరుచుకుంటుంది. అప్పటికీ అడిగితే, ఫోన్‌లో నీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచి రికవరీ కీల పేజీ చూడు. నీలం తెర మీది కీ ఐడీకి సరిపోయే కీనే కొట్టాలి. కొన్న రోజున ఇంట్లో ఇంకెవరి మెయిల్‌తోనైనా సెటప్ చేశారేమో కనుక్కో, చాలామందికి కీ అక్కడే దొరుకుతుంది.

విండోస్ రాగానే మొదట ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకో. విండోస్‌ని పూర్తిగా షట్‌డౌన్ కానివ్వని ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆపెయ్. ఆ తర్వాత విండోస్ గడియారం ఐదున్నర గంటలు వెనక చూపిస్తే టెన్షన్ పడకు. ఉబుంటు లాప్‌టాప్ లోపలి గడియారాన్ని యూటీసీలో (మన కన్నా ఐదున్నర గంటలు వెనక ఉండే అంతర్జాతీయ సమయం) ఉంచుతుంది, విండోస్ దాన్నే మన టైమ్ అనుకుంటుంది. సెట్టింగ్స్‌లో సింక్ నొక్కితే అప్పటికి సరిపోతుంది.