రంగుల స్టార్ల మీద సరదా ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

రాయగడలో బీఎస్సీ రెండో ఏడాది చదువుతున్న అబ్బాయి అడిగిన ప్రశ్న ఇది. స్కై షాట్లలో (ఆకాశంలోకి లేచి పగిలే బాణసంచాలో) ఎరుపు నుంచి ఆకుపచ్చకి మారే స్టార్లను, అంటే రంగు చుక్కలుగా కాలే చిన్న మందు ఉండలను, ఇంట్లో చిన్న మోతాదులో చేసి చూడొచ్చా, దేనితో మొదలుపెట్టాలి, నీలం స్టార్ ఎప్పుడు చూసినా వెలిసిపోయినట్టు ఎందుకు ఉంటుంది అని.

మొదటిదానికి జవాబు ఒక్క ముక్కలో చెప్తాను: బాణసంచా మందు కలపకండి. కానీ సరదా మానుకోమని అనడం లేదు. మాది పర్లాకిమిడి. చాలా ఏళ్లుగా నాకూ ఇదే పిచ్చి. ఇంతవరకు ఒక్క చెంచా మందు కలపకుండానే స్టార్ల గురించి నేర్చుకోవాల్సింది బోలెడు ఉందని తేలింది, ఇంకా సగం కూడా అవ్వలేదు.

"మా తాతల కాలంలో మతాబులు, చిచ్చుబుడ్లు ఇంట్లోనే కూరేవారు కదా" అని కింద ఎవరో ఒకరు రాస్తారని తెలుసు. మా ఇంట్లోనూ కూరేవారు. గోగు పుల్లకి గుడ్డ చుట్టి దిబ్బూ దిబ్బూ దీపావళి అని తిప్పడం అయ్యాక, పక్క ఒడియా వాళ్లింట్లో పితృదేవతల్ని పిలుస్తూ పుల్లలు వెలిగిస్తుంటే, మా పెరట్లో చిచ్చుబుడ్డి లేచేది. కానీ అందులో ఉండేది సూరేకారం, గంధకం, బొగ్గు, కాస్త బీడు (పోత ఇనుము) రజను. దాని రంగులన్నీ బొగ్గు, ఇనుము కాలే రంగులే: బంగారం, నారింజ, తెలుపు. అసలైన ఎరుపు, ఆకుపచ్చ, నీలం రావాలంటే మంట ఇంకా వేడిగా ఉండాలి, అందులో క్లోరిన్ కూడా ఉండాలి. అక్కడే మంటకి ఆక్సిజన్, క్లోరిన్ రెండూ అందించే క్లోరేట్లు, పర్‌క్లోరేట్లు అనే లవణాలు వస్తాయి. క్లోరేట్‌కి గంధకం తగిలితే ఆ మిశ్రమం రాపిడికే అంటుకుంటుంది. కాస్త చెమ్మ, కాస్త ఆమ్లం చేరితే ఎవరూ ముట్టుకోకుండా కూడా అంటుకోవచ్చు. అందుకే మన దేశంలో ఈ రెండూ కలిపి బాణసంచా చేయడాన్ని 1992లోనే నిషేధించారు. తాతగారి సామాన్లనీ, రంగుల స్టార్‌నీ ఒకే గాటన కట్టడం కుదరదు. తాతగారి పద్ధతిలోనూ చేతులు కాలినవాళ్లు లేకపోలేదు, అది వేరే సంగతి.

చట్టం సంగతి కూడా చూడండి. 1884 నాటి ఎక్స్‌ప్లోజివ్స్ చట్టం, దాని కింద 2008లో వచ్చిన రూల్స్ ప్రకారం కాల్చుకోవడానికైనా అమ్ముకోవడానికైనా బాణసంచా తయారుచేయాలంటే లైసెన్సు కావాలి. దీన్ని చూసే సంస్థ పెసో, ప్రధాన కార్యాలయం నాగపూర్‌లో ఉంది. "చిన్న మోతాదే కదా" అంటే పోలీసులు వినరు. ఇంకో సంగతి, లైసెన్సు ఉన్న ఫ్యాక్టరీల్లో కూడా మందు కలిపే షెడ్డు మిగతావాటికి దూరంగా కట్టి, లోపల ఒకరిద్దరికి మించి ఉండనివ్వరు. మన వంటింటి గట్టు ఆ షెడ్డు కాదు కదా.

ఇక అసలు విషయానికి వద్దాం. స్టార్ అంటే షాట్ గుండులోపల ఉండే చిన్న మందు ఉండ. గుండు పగిలినప్పుడు ఇవన్నీ ఒకేసారి అంటుకుని చెదురుతాయి. వెనక తోక లేకుండా రంగు చుక్కలుగా విచ్చుకుంటే దాన్ని పియోనీ అంటారు, తోకలు గీసుకుంటూ వెళ్తే క్రిసాంథిమం. బొగ్గు ఎక్కువున్న స్టార్లు నెమ్మదిగా కాలుతూ బంగారు తీగల్లా కిందికి వాలితే విల్లో. మిణుకు మిణుకుమనేది స్ట్రోబ్: అది కాసేపు వెలుగులేకుండా మగ్గుతుంది, వేడి చేరగానే భగ్గుమంటుంది, మళ్లీ మగ్గుతుంది. మీకు నచ్చిన రంగు మారే స్టార్ అయితే సోంపు గింజకి చక్కెర పూత పట్టించినట్టు, తిరిగే డ్రమ్ములో పొర మీద పొరగా పట్టించినది. పై పొర ఎరుపు, లోపల ఆకుపచ్చ. మంట పైనుంచి లోపలికి తింటూ వస్తుంది కాబట్టి పొర మందాన్ని బట్టి రంగు ఎప్పుడు మారుతుందో నిర్ణయమవుతుంది.

ఆ మార్పే చేసినవాడి పనితనానికి పరీక్ష. ఫోన్‌లో 240 ఫ్రేముల స్లో మోషన్ పెట్టి తీయండి. ఒక్కో ఫ్రేము దాదాపు 4 మిల్లీ సెకన్లు. మొదటి స్టార్ ఆకుపచ్చగా మారిన ఫ్రేము నుంచి చివరిది మారిన ఫ్రేము దాకా లెక్కపెట్టండి. మంచి షాట్‌లో అన్నీ ఒక్క రెప్పపాటులో మారిపోతాయి. చవకరకంలో కొన్ని మారి, కొన్ని ఇంకా ఎర్రగానే ఉండి, ఆకాశంలో సగం వండిన ఉప్మాలా ఉంటుంది. నేను షాపులో పెట్టె మీద బొమ్మ చూసి కొనడం మానేసింది ఈ లెక్క మొదలుపెట్టాకే.

ఎంత దూరంలో పగిలిందో, పువ్వు ఎంత వెడల్పో కూడా కొలవొచ్చు. మామూలు 30 ఫ్రేముల వీడియోలో మెరుపు కనిపించిన ఫ్రేముకీ, ఢాం వినిపించిన ఫ్రేముకీ మధ్య 9 ఫ్రేములు ఉన్నాయనుకోండి, 0.3 సెకను. శబ్దం సెకనుకి 340 మీటర్ల పైచిలుకు వెళ్తుంది కాబట్టి మీ నుంచి దూరం సుమారు 100 మీటర్లు. చెయ్యి చాపి పిడికిలి పట్టుకుంటే దాని వెడల్పు ఇంచుమించు 10 డిగ్రీలు. ఆ పువ్వు పిడికిలంత ఉంటే అసలు వెడల్పు 17 మీటర్లకి అటూ ఇటూ. మా మేడ మీంచి మహేంద్రతనయ నది అవతల పాతపట్నం వైపు లేచేవి కూడా కనిపిస్తాయి. అవి దూరం కాబట్టి మెరుపుకీ శబ్దానికీ మధ్య ఎడం బాగా తెలుస్తుంది, లెక్క తేలిక. ఈ ఒడ్డున పగిలినదాని చప్పుడు ఆ ఒడ్డుదానికి అంటగట్టకుండా చూసుకోవాలంతే.

అన్నింటికంటే మజా స్పెక్ట్రమ్‌లో, అంటే వెలుగుని దానిలోని రంగులుగా విడదీసి చూడటంలో ఉంది. మీ కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్‌లో అంగుళానికి 15,000 గీతల గ్రేటింగ్ (సన్నటి గీతలతో వెలుగుని రంగులుగా విడదీసే పలక) ఉంటుంది, సోడియం ల్యాంప్ ప్రాక్టికల్ దానితోనే చేయిస్తారు. ల్యాబ్‌ది ఇంటికివ్వరు గనక, ప్లాస్టిక్ షీట్ గ్రేటింగ్ ఆన్‌లైన్‌లో కొనుక్కోవచ్చు. మిల్లీమీటరుకి 500 గీతలది చాలు. అదీ వద్దంటే పాత సీడీ. లేబుల్ వైపు గట్టి టేపు అంటించి లాగితే వెండి పొర ఊడి వస్తుంది, మిగిలిన పారదర్శకమైన బిళ్ళలో అంచు దగ్గర ముక్క కత్తిరించి ఫోన్ కెమెరా మీద అంటించండి. డీవీడీ వద్దు. దాని గాళ్లు మరీ దగ్గరగా ఉంటాయి, పసుపు వెలుగే 50 డిగ్రీలు దాటి పక్కకి వెళ్లి ఫ్రేములో పడదు. సీడీ అయితే 20 డిగ్రీల దగ్గరే పడుతుంది.

ల్యాబ్‌లో అయితే ముందు చీలిక లోంచి వెలుగు పంపాలి. ఆకాశంలో ఆ గొడవ లేదు, ఎందుకంటే స్టార్ ఒక్కోటీ చుక్కే. ప్రతి చుక్కకీ పక్కన దాని స్పెక్ట్రమ్ పడుతుంది. మొదటిసారి ఈ వీడియో చూసినప్పుడు నాకు నిద్ర పట్టలేదు. టైటానియం తెల్ల రవ్వలు పూర్తి హరివిల్లు గీతలుగా వస్తాయి, ఎందుకంటే అది ఎర్రగా, తెల్లగా కాగిన ఘనపదార్థం వెలుగు. విల్లోలో ఎరుపు, నారింజ వైపే ఎక్కువ, నీలం వైపు చీకటి. రంగు స్టార్లలో మాత్రం హరివిల్లు ఉండదు, విడివిడి ముక్కలు ఉంటాయి. ఎరుపులో 600 నుంచి 690 నానోమీటర్ల (వెలుగు తరంగం పొడవు, ఒక్కో రంగుకి ఒక్కో అంకె) మధ్య స్ట్రాన్షియం ముక్కలు. దాదాపు ప్రతి స్టార్ పక్కనా ఒక పసుపు చుక్క కచ్చితంగా కనిపిస్తుంది. అది 589 దగ్గర సోడియం. అక్కర్లేకపోయినా ప్రతి మందులోనూ ఎంతో కొంత చేరుతుంది. దాన్ని తిట్టుకోకండి, స్కేలుకి అదే మీ మొదటి గుర్తు. ముందు రోజు గ్యాస్ పొయ్యి మంట మీద రెండు చుక్కల ఉప్పునీళ్లు చిలకరించి అదే పసుపుని తీసి ఉంచుకుంటే పోల్చుకోవడం సులువు. సాల్ట్ అనాలిసిస్‌లో మీరు చేసిన ఫ్లేమ్ టెస్టు కూడా ఇదే కదా. స్ట్రాన్షియం, బేరియం, కాపర్ రంగులు మీ ల్యాబ్‌లో, మేడమ్ పక్కన ఉండగా, బర్నర్ మీద ఇదే సీడీ ముక్కతో తీసి పెట్టుకోండి. బేరియం లవణాలు విషం, ఇంటికి తేవద్దు.

బేరియం పేరు ఎత్తాను కాబట్టి. తిత్లీ తుఫాను మన వైపు కొట్టిన ఏడాదే, 2018 అక్టోబరు 23న, సుప్రీంకోర్టు బాణసంచాలో బేరియం లవణాలు వాడొద్దని చెప్పింది. దీపావళికి రాత్రి 8 నుంచి 10 దాకానే కాల్చాలన్నదీ ఆ తీర్పులోదే. బేరియం నిషేధాన్ని 2021లో మళ్లీ గట్టిగా చెప్పింది. నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ రూపొందించిన, పొగ తక్కువ వచ్చే గ్రీన్ క్రాకర్లు ఆ తర్వాత బజారులోకి వచ్చాయి. ఇప్పుడు మీ దగ్గర గ్రేటింగ్ ఉంది. ఆకుపచ్చ స్టార్ పక్కన 514, 524 దగ్గర సన్నటి ఆకుపచ్చ పట్టీలు విడివిడిగా కనిపిస్తే అది బేరియం క్లోరైడ్ అణువు వెలుగు అని అనుమానించవచ్చు. తొందరపడి నిర్ధారించకండి. క్లోరిన్ తక్కువైన కాపర్ మంట కూడా 525 నుంచి 555 దాకా ఆకుపచ్చే ఇస్తుంది, కాకపోతే అది వెడల్పుగా పరుచుకున్నట్టు ఉంటుంది. ల్యాబ్‌లో తీసిన రెండు ఫొటోలూ పక్కన పెట్టుకుని చూడాలి. నా వీడియోల్లో ఒకటి రెండు పెట్టెల విషయంలో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. మీ గ్రేటింగ్ నాదానికంటే మంచిదైతే చూసి చెప్పండి.

ఇక నీలం. దాన్నిచ్చేది కాపర్, క్లోరిన్ కలిసిన అణువు, 420 నుంచి 460 నానోమీటర్ల మధ్య. మంట వేడి పెంచితే వెలుగు పెరుగుతుంది కానీ ఆ అణువే విడిపోతుంది. తగ్గిస్తే రంగు నిలుస్తుంది కానీ కాంతి చాలదు. ఎరుపుకి, ఆకుపచ్చకి ఇంత ఇబ్బంది లేదు. పైగా మన కంటికే నీలం తక్కువ ప్రకాశంగా అనిపిస్తుంది, అక్టోబరు చెమ్మలో పొగ కిందే తేలుతూ ఉంటే ఇంకా మసకబారుతుంది. అందుకే మంచి నీలం చేయగలిగినవాణ్ణి ఆ పనిలో ఉన్నవాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. మీ ఫోన్‌లో మరీ తెల్లగా వస్తుందంటే తప్పు స్టార్‌ది కాకపోవచ్చు. ఆటో మోడ్‌లో ఫోన్ చీకటి ఆకాశాన్ని చూసి ఎక్స్‌పోజర్ పెంచేస్తుంది, స్టార్ మధ్యభాగంలో మూడు రంగులూ నిండిపోయి తెలుపు అవుతుంది. ప్రో మోడ్‌లో ఐఎస్ఓ 100, ఫోకస్ అనంతానికి లాక్ చేసి, స్టార్ అంచుల్లో రంగు కనిపించేదాకా షట్టర్ తగ్గించండి. ఆకాశం నల్లగా పోయినా ఫరవాలేదు. ముందు ఒక షాట్ వృథా చేసి సెట్టింగులు సరిచూసుకోండి, పొగ ముసరకముందే, అంటే ఎనిమిది గంటలకి మొదట లేచేవాటినే తీయండి. గాలి ఎటు వీస్తుందో చూసుకుని, పొగ మీ వైపు రాని మేడ ఎంచుకోండి.