సమాధానం: తాగుడు, వాంతులు రెండూ కలిపే చూపించండి

అక్కా, మీ చెల్లి అన్నం తినగానే బాత్రూంలోకి వెళ్లి కుళాయి తిప్పేసి వాంతి చేసుకుంటోందని, రాత్రిళ్లు తాగుతోందని రాశారు. ముందు ఏది మాన్పించాలని అడిగారు. రెండింటికీ ఒకేసారి వైద్యం మొదలుపెట్టించండి.

ముందు ఒక్కటే మాన్పించే పొరపాటు మేం చేశాం. తమ్ముడి చేత మందు మాన్పించి గట్టెక్కామనుకున్నాం. నెల తిరక్కుండానే అర్ధరాత్రి బ్రెడ్ ప్యాకెట్లు ఖాళీ చేసి కక్కుకోవడం ఎక్కువైంది. లోపలి దిగులు అలాగే ఉంది మరి, ఒక దారి మూస్తే ఇంకోటి వెతుక్కుంది.

ఆమె వేళ్ల కణుపుల మీద గాట్లు, కాయలు ఉన్నాయేమో గమనించండి. గొంతులో వేళ్లు పెట్టుకుంటే పళ్లు తగిలి అలా అవుతాయి. పదేపదే కక్కితే పొటాషియం పడిపోయి గుండె లయ తప్పొచ్చు. అందుకే మొదటి రోజే రక్తపరీక్ష, ఈసీజీ అడగండి. రోజూ బాగా తాగుతుంటే ఇంట్లో ఒక్కసారిగా మాన్పించొద్దు, ఫిట్స్ రావచ్చు. వాంతుల సంగతి సైకియాట్రిస్టుకు దాచకండి. డిప్రెషన్‌కి వాడే బుప్రోపియాన్ బులీమియా (అతిగా తిని కక్కేసుకునే జబ్బు) ఉన్నవాళ్లకు ఇవ్వకూడదు, దానివల్ల కూడా ఫిట్స్ ప్రమాదమే.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. కళ్లు తిరిగి పడిపోయినా, గుండె దడదడలాడినా, చచ్చిపోతానన్నా 108కి ఫోన్ చేయండి, తెల్లారేదాకా ఆగొద్దు.

ఈలోపు బరువు గురించి ఇంట్లో ఎవరినీ ఒక్క మాట కూడా అననివ్వకండి, ముఖ్యంగా భోజనాల దగ్గర.