ఊళ్లో తగవు, ఊళ్లోనే దిద్దుబాటు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా ఊళ్లో ముగ్గురు కుర్రాళ్లు రొయ్యల చెరువు మీద ఏరేటర్ల (నీటికి గాలి అందించే యంత్రాల) కేబుల్ కోసి రాగి అమ్ముకున్నారు. తెల్లారేసరికి రొయ్య పైకి తేలింది, కొంత చచ్చింది. ఇద్దరికి ఇరవై దాటాయి, ఒకడికి పదహారు. రైతు స్టేషనుకు వెళ్తానంటున్నాడు. పెద్దలేమో గుడికి యాభై వేలు జరిమానా వేసి వదిలేద్దామంటున్నారు. ఇరువైపుల వాళ్లనీ కూర్చోబెట్టి నష్టం పూడ్పించే పద్ధతి ఉందని విన్నాం. ఎలా చెయ్యాలి?
— ఒక పాఠకుడు, ఆకివీడు మండలం

జవాబు: గుడికి యాభై వేలు కడితే చెరువు రైతుకు ఏం ఒరిగింది? నష్టపోయింది ఆయన. మొదట మాట్లాడాల్సింది ఆయన, ఏం కావాలో చెప్పాల్సిందీ ఆయనే. మీరు విన్న పద్ధతికి ఆయువుపట్టు ఇదే. 1974లో కెనడాలోని ఎల్మీరాలో ఇద్దరు కుర్రాళ్లు 22 చోట్ల ఆస్తులు పాడుచేస్తే, ప్రొబేషన్ అధికారి వాళ్లను నష్టపోయినవాళ్ల గుమ్మాలకే తీసుకెళ్లి మాట్లాడించారు, నష్టం కట్టించారు. న్యూజిలాండ్ 1989లో పిల్లల కేసులకు కుటుంబ సమావేశాన్ని చట్టంలోనే పెట్టింది.

ముందుగా ఒక మాట. రైతును స్టేషనుకు వెళ్లొద్దని ఎవరూ ఆపకూడదు. ఫిర్యాదు ఇచ్చినా కూర్చుని మాట్లాడుకోవచ్చు. దొంగతనం కేసులో సొత్తు యజమాని రాజీపడటానికి క్రిమినల్ కేసులు నడిపే చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 359వ సెక్షన్ వీలిచ్చింది. అయితే ఎఫ్‌ఐఆర్‌లో పడ్డ ప్రతి సెక్షనూ లాయరుకు చూపించండి. రాజీకి కుదరని సెక్షన్ ఒక్కటున్నా, ఊళ్లో రాసుకున్న కాగితంతో ఆ కేసు పోదు. అలాంటి నేరాన్ని డబ్బు తీసుకుని కప్పిపుచ్చడమూ నేరమే.

కూర్చోబెట్టే ముందు ఇరువైపులా విడివిడిగా కలవండి, కనీసం ఒక్కొక్కసారి. కుర్రాళ్లు తప్పు ఒప్పుకోకపోతే సమావేశం పెట్టకండి. అక్కడ నిజం తేల్చే విచారణ మొదలుపెడితే అది మళ్లీ పాత పంచాయితీయే అవుతుంది. రైతు ఇష్టపడకపోయినా అంతే, బలవంతం వద్దు.

నష్టం లెక్క కాగితం మీదికి రావాలి. కేబుల్ మీటర్లు, కొత్త కేబుల్ బిల్లు, తీసి పారేసిన రొయ్య తూకం, ఆ వారం కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగాయో), ఆ కౌంటుకు నడిచిన ధర. రాత్రంతా చెరువులో ఆక్సిజన్ తగ్గుతూ వస్తుంది, తెల్లవారుజామున అట్టడుగుకు చేరుతుంది. సరిగ్గా ఆ వేళ ఏరేటర్లు తిరగకపోతే ఏమవుతుందో ఆ కుర్రాళ్లకు తెలిసి ఉండకపోవచ్చు. రాగి అమ్మితే వాళ్ల చేతికొచ్చింది కొద్ది వేలు, రైతుకు పోయింది పంట. ఈ తేడా రైతు నోటితో వాళ్ల చెవిన పడాలి, పెద్దల ఉపన్యాసంలో కాదు.

ఎనిమిది నుంచి పన్నెండు మంది చాలు. స్కూలు గదో పంచాయతీ ఆఫీసో చూడండి. ఏదో ఒక కులం రామాలయమో, పెద్దల అరుగో వద్దు. కుర్చీలు గుండ్రంగా వేయండి, వేదిక వద్దు. పొద్దున పదింటికి పెట్టండి, సాయంత్రమైతే తాగి వచ్చేవాళ్లుంటారు. నడిపించే మనిషి వరసగా నాలుగే అడగాలి: ఏం జరిగింది, అప్పుడు ఏమనుకున్నావు, ఎవరికి ఏం పోయింది, సరిచేయడానికి ఏం చేస్తావు. కుర్రాళ్ల తరఫున తండ్రులు జవాబు చెప్పడం మొదలెడితే అక్కడే ఆపాలి. కాళ్లమీద పడేయడం, గుండు కొట్టించడం, వీడియో తీయడం లాంటివి జరిగితే రైతుకు దక్కాల్సింది దక్కకపోగా కొత్త పగ పుడుతుంది.

ఒప్పందంలో ఎవరు, ఎంత, ఏ తేదీకి, ఎవరికి అన్నవి ఉండాలి. ‘వీలునుబట్టి ఇస్తారు’ అని రాస్తే అది రాయనట్టే. ‘నెలకు 3,000 చొప్పున, 5వ తేదీలోగా, రైతు బ్యాంకు ఖాతాకే’ అని రాయండి. డబ్బు పెద్దల చేతుల మీదుగా నడవకూడదు. పదిహేను రోజులకు, నెలకు, మూడు నెలలకు ఎవరు ఆరా తీస్తారో పేరు రాయండి. చాలా ఒప్పందాలు చెడిపోయేది రెండో వాయిదా దగ్గర, అడిగే నాథుడు లేక.

పదహారేళ్లవాడి సంగతి వేరు. వాడి మీద ఫిర్యాదు వస్తే అది జువెనైల్ జస్టిస్ బోర్డుకు వెళ్తుంది. 2015 చట్టం 18వ సెక్షన్ ప్రకారం బోర్డు మందలించి ఇంటికి పంపవచ్చు, కౌన్సెలింగ్‌కో సమాజ సేవకో ఆదేశించవచ్చు. నష్టం కింద వాడిని చెరువు మీద రాత్రి కాపలా పెడదామని ఎవరో ఒకరు అంటారు. ఒప్పుకోకండి. ఆ వయసు పిల్లలతో రాత్రి 7 నుంచి ఉదయం 8 వరకు పని చేయించకూడదని బాలకార్మిక చట్టం చెబుతోంది. పైగా అక్కడుండేది నీళ్లూ కరెంటూ.

ప్రశ్న: పక్క చెరువు ఉప్పునీటి ఊటకు మా వరి దెబ్బతింటోంది. పెద్దల ముందు వంద రూపాయల స్టాంపు కాగితం రాసుకున్నాం. ఊట కాలువ తవ్విస్తామన్నారు, తవ్వించలేదు. ఇప్పుడేం చెయ్యాలి?
— ఒక మహిళా రైతు, అల్లవరం మండలం

జవాబు: ఆ కాగితం సాక్ష్యంగా పనికొస్తుందండి, కోర్టు డిక్రీ, అంటే అమలు చేయించుకోగల తీర్పు, మాత్రం కాదు. దాన్నే మళ్లీ లోక్ అదాలత్‌లో పెట్టించండి. దావా వేయకముందే, కోర్టు ఫీజు లేకుండా, మండల న్యాయసేవాధికార కమిటీలో అర్జీ ఇవ్వొచ్చు. అవతలివాళ్లకు నోటీసు వెళ్తుంది. ఇద్దరూ ఒప్పుకుని సంతకం చేస్తే వచ్చే అవార్డు 1987 న్యాయసేవల చట్టం 21వ సెక్షన్ ప్రకారం సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు లేదు. 2023 మధ్యవర్తిత్వ చట్టంలో ముగ్గురు మధ్యవర్తులతో సామాజిక మధ్యవర్తిత్వం గురించి అధ్యాయం ఉంది కానీ, దాని కింద కుదిరిన ఒప్పందం డిక్రీలా అమలు కాదని అందులోనే రాశారు. మీకు లోక్ అదాలతే మేలు.

వెళ్లేముందు మట్టి పరీక్ష చేయించండి. చెరువు గట్టు పక్కన, చేను మధ్యలో, అవతలి చివర విడివిడిగా నమూనాలు తీయండి. ఉప్పు తీవ్రత మీటరుకు 3 డెసీ సీమెన్స్ దాటితే వరి దిగుబడి పడిపోవడం మొదలవుతుంది. గట్టు వైపు ఎక్కువై చివరికి తగ్గుతూ వస్తే ఊట ఎటునుంచో ఎవరూ కాదనలేరు. అవార్డులో ఊట కాలువ పొడవు, లోతు, నీరు ఏ మురుగు కాలువలో కలవాలో, దాళ్వా (రెండో పంట వరి) నాట్లకు ముందు ఏ తేదీకి పూర్తికావాలో రాయించండి.

ప్రశ్న: భర్త కొడుతున్నాడని అక్క పుట్టింటికి వచ్చింది. పెద్దలు ఇలాగే కూర్చోబెట్టి కలుపుతామంటున్నారు.
— ఒక పాఠకురాలు, రాజోలు

జవాబు: వద్దమ్మా. కొట్టేవాడి ఎదురుగా కూర్చుని ఆమె మనసులో మాట చెప్పలేదు. మహిళల హెల్ప్‌లైన్ 181కి, ప్రమాదం దగ్గరలో ఉంటే 112కి ఫోన్ చేయండి. పిల్లలపై లైంగిక నేరాలు, ఎస్సీ ఎస్టీలపై దౌర్జన్యాలు కూడా ఊరి రాజీకి తెచ్చేవి కావు. ఇష్టపడి పెళ్లి చేసుకున్న మేజర్ల జోలికి పెద్దల పంచాయితీలు రావడం చట్టవిరుద్ధమని సుప్రీంకోర్టు 2018లో స్పష్టంగా చెప్పింది.

ప్రశ్న: తగవులను ఇలా కూర్చోబెట్టి దిద్దే బృందం మా ఊళ్లో పెట్టాలంటే ఊరి మద్దతు ఎలా కూడగట్టాలి?
— యువజన సంఘం సభ్యులు, ముమ్మిడివరం దగ్గర

జవాబు: మొదటి అడ్డు ధరావతు (ముందుగా కట్టించుకునే డిపాజిట్టు) దగ్గరే వస్తుంది. తగవుకు కూర్చునే ముందు ఇరువైపులా ధరావతు కట్టించుకునే చోట, దాన్ని ఎత్తేస్తామంటే కొందరు పెద్దలకు రుచించదు. వాళ్లతో పోట్లాడకండి, చిన్న తగవులతో మొదలుపెట్టండి: మేకలు చేలో పడటం, కొబ్బరికాయల దొంగతనం, బోదె (పొలాల పిల్లకాలువ) నీటి వంతు. నీటి సంఘం సభ్యుల మధ్య నీటి తగవైతే 1997 నీటి సంఘాల చట్టం ప్రకారం సంఘం కార్యవర్గమే తీర్చాలి కాబట్టి, వాళ్లను పక్కన పెట్టుకునే చేయండి.

ఏడుగురు చాలు. సగానికి తగ్గకుండా ఆడవాళ్లుండాలి, డ్వాక్రా సంఘాల్లో లెక్కా పత్రం తెలిసినవాళ్లు దొరుకుతారు. దళితపేట నుంచి ఒక్కరినే పెడితే ఆ ఒక్కరూ నోరు విప్పరు, ఇద్దరిని పెట్టండి. పోటీలో ఉన్న రాజకీయ నాయకులు వద్దు. తగవులో బంధువున్న సభ్యుడు ఆరోజు కూర్చోకూడదు. శిక్షణకు జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగండి, వాళ్ల పారా లీగల్ వాలంటీర్లు (న్యాయ సహాయంలో శిక్షణ పొందిన కార్యకర్తలు) ఊళ్లకు వస్తారు. న్యాయసేవల హెల్ప్‌లైన్ 15100. ఎస్.ఐ.ని ముందే కలిసి ఏ తగవులు తీసుకుంటారో, ఏవి ముట్టరో రాతపూర్వకంగా ఇవ్వండి.

ఖర్చు కుర్చీలకు, టీకి, ఒక రిజిస్టరుకు. ఆ డబ్బు తగవుదారుల దగ్గర మాత్రం తీసుకోకండి. పంచాయతీనో సహకార సంఘాన్నో అడిగి, ఇచ్చినదానికి రసీదు రాసివ్వండి. రిజిస్టరులో తేదీ, ఒప్పందం, వాయిదాలు ఎక్కించండి. తగవులో చెప్పుకున్న ఇంటి గుట్టు మాత్రం అందులో ఎక్కకూడదు.